జావా బాటిక్ గుడ్డను చదవడం ఎలా? ముందు తిరగేయండి

ఇండోనేసియాలోని జావా దీవిలో, యోగ్యకర్త ఊళ్ళో మలియోబొరో వీధిలో నేను మొదటిసారి కొన్న బాటిక్ అసలు బాటికే కాదని ఆ రాత్రే తెలిసింది. అన్నయ్య కోసం తీసుకున్న చొక్కా అది. గోధుమరంగు మీద నల్లటి గీతలు, చూడ్డానికి ఎంతో బాగుంది. మేం దిగిన ఇంటి యజమానురాలు, డెబ్భై దాటిన పెద్దావిడ, దాన్ని చేతిలోకి తీసుకుని ముందు వైపు చూడనే లేదు. నేరుగా తిరగేసింది. లోపలి వైపు వెలిసిపోయినట్టు పాలిపోయి ఉంది. ఆవిడ నవ్వి, లోపలికెళ్ళి, పెట్టెలోంచి తన పెళ్ళినాటి గుడ్డ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. దానికి ఏది ముందో ఏది వెనకో ఎంత వెతికినా నాకు దొరకలేదు.

అప్పటి నుంచి ఒకే వరస పాటిస్తున్నాను. ముందు వెనక వైపు, తర్వాత మైనం జాడ, ఆ తర్వాత రంగు, నేల. డిజైన్ పేరు చిట్టచివర. దుకాణాల్లో ఈ వరస తలకిందులుగా నడుస్తుంది. ముందు పేరు చెబుతారు, వెంటనే రాజుగారి కథ అందుకుంటారు, మనం కథలో ఉండగానే బిల్లు వేసేస్తారు. మీరు జావా వెళ్తున్నా, సింగపూర్‌లో ఉన్న పిన్ని కూతురు తెచ్చిచ్చిన గుడ్డ ఏమిటో తెలుసుకోవాలనుకున్నా, ఇదే వరసలో వెళ్ళండి.

1. తిరగేసి చూడండి

బాటిక్ అనేది డిజైన్ పేరు కాదు, పని పేరు. వేడి మైనంతో గుడ్డ మీద గీసి రంగులో ముంచితే, మైనం ఉన్నచోట రంగు పట్టదు. తర్వాత మైనం తీసేస్తే ఆ గీత మిగిలిపోతుంది. గుడ్డ మొత్తం రంగునీళ్ళలో మునుగుతుంది కాబట్టి రంగు రెండు వైపులా పడుతుంది. మంచి పనిలో ఇంకో శ్రమ కూడా ఉంటుంది. ఒక వైపు గీయడం అయ్యాక గుడ్డ తిప్పి, అవే గీతల మీద వెనక నుంచి మళ్ళీ మైనం పెడతారు. దీన్ని జావా వాళ్ళు నెరుసి అంటారు. ఆ పెద్దావిడ గుడ్డకి ముందూ వెనకా తెలియకపోవడానికి కారణం అదే.

స్క్రీన్ ప్రింట్‌లో రంగు పైనుంచి పడుతుంది, వెనక్కి పూర్తిగా దిగదు. గుడ్డ మరీ పల్చగా ఉంటే రంగు అవతలికి కారి మనల్ని మోసం చెయ్యొచ్చు. అప్పుడు సన్నటి చుక్కలు ఉన్నచోటు చూసుకోండి. అసలు బాటిక్‌లో వెనక వైపు కూడా చుక్క చుక్కలాగే ఉంటుంది. ప్రింట్‌లో మసకబారుతుంది, లేదా కనిపించకుండా పోతుంది. ముక్కు దగ్గర పెట్టుకోవడానికి కూడా మొహమాటపడకండి. కొత్త బాటిక్‌లో మైనం, గుగ్గిలం కలిసిన వాసన సన్నగా ఉంటుంది. అక్కడి అమ్మలక్కలందరూ అలాగే వాసన చూసి కొంటారు.

ప్రింట్ గుడ్డ కట్టుకోవడం నేరమేమీ కాదు. ఆఫీసుకి వేసుకునే చొక్కాకి అది చాలు. ప్రింట్ అని చెప్పి ప్రింట్ ధరకి అమ్మితే గొడవే లేదు.

2. రాతా, అద్దకమా?

శ్రీకాళహస్తిలో కలంతో చేసేదాన్ని వ్రాతపని అంటారు. మచిలీపట్నం, పెడన వైపు చెక్క అచ్చులతో చేసేదాన్ని అద్దకం అంటారు. ఈ రెండు మాటలూ తెలిసినవాళ్ళకి జావాలో సగం పాఠం అయిపోయినట్టే. అక్కడ చేతిపనిని తులిస్ అంటారు, అంటే రాయడం. అచ్చుపనిని చప్ అంటారు.

తులిస్‌కి వాడే పనిముట్టు పేరు చాంతింగ్. వెదురు లేదా చెక్క పిడికి చిన్న రాగి గిన్నె, దాని ముందు సన్నటి రాగి ముక్కు. చిన్న పొయ్యి మీద మూకుడులో మైనం కాగుతూ ఉంటుంది. మైనం అంటే తేనెమైనం ఒక్కటే కాదు, పారఫిన్, గుగ్గిలం, కొవ్వు అన్నీ పాళ్ళు చూసి కలుపుతారు. ఆడవాళ్ళు ఎత్తు తక్కువ పీటల మీద కూర్చుని, చట్రం మీద వేలాడేసిన గుడ్డ కింద ఎడమచెయ్యి పెట్టుకుని, కుడిచేత్తో గీస్తారు. ముక్కు మూసుకుపోతే నోటితో ఊది శుభ్రం చేస్తారు. గీతకి ఒక చాంతింగ్, చుక్కలకి ఒకటి, పెద్ద జాగా మూయడానికి లావు ముక్కుది ఇంకొకటి.

చప్ అంటే రాగి రేకుల్ని వంచి అతికి చేసిన అచ్చు. సుమారుగా జానెడు ఉంటుంది. 19వ శతాబ్దం మధ్యలో ఇది వాడుకలోకి వచ్చింది. బరువు పని కాబట్టి ఎక్కువగా మగవాళ్ళే చేస్తారు. నెలలు పట్టే గుడ్డ దీంతో రోజుల్లో తయారవుతుంది. ధర అందుబాటులోకి రావడానికీ, బాటిక్ పెద్ద వ్యాపారం అవడానికీ ఇదే దారి వేసింది.

తేడా కనిపెట్టాలంటే డిజైన్‌లో ఏదో ఒక పువ్వునో రెక్కనో ఎంచుకోండి. జానెడు దూరంలో మళ్ళీ అదే పువ్వు వస్తుంది కదా, రెంటినీ పక్కపక్కన మడిచి పోల్చండి. చప్ అయితే రెండూ కవలలు. ఒకదానిలో గీత కొంచెం తెగి ఉంటే రెండోదానిలో కూడా అక్కడే తెగి ఉంటుంది. అచ్చు అంచులు కలిసేచోట సన్నటి అతుకు కూడా దొరకొచ్చు. తులిస్ అయితే అక్కచెల్లెళ్ళు, పోలిక ఉంటుంది గానీ ఒకేలా ఉండరు. ఆకు లోపల నింపిన చుక్కలు లెక్కపెట్టండి, ఒకదానిలో ఏడుంటే ఇంకోదానిలో ఎనిమిది ఉంటాయి. రెండూ కలిపిన పని కూడా బాగా నడుస్తుంది. బయటి గీత అచ్చుతో వేసి, లోపలి నింపుడు చేత్తో చేస్తారు.

2007 నుంచి ఇండోనేసియా ప్రభుత్వం బాటిక్ మార్క్ అనే లేబుల్ ఇస్తోంది. అక్షరాలు బంగారు రంగులో ఉంటే తులిస్, వెండి రంగైతే చప్, తెలుపైతే రెండూ కలిసింది. అన్ని గుడ్డల మీదా ఇది ఉండదు. ఊళ్ళో ఇంట్లో కూర్చుని గీసే ఆవిడ దగ్గర లేబుల్ కోసం వెతకడం కూడా బాగోదు.

ఇక్కడ మనవాళ్ళు తరచూ పొరబడే సంగతి ఒకటుంది. మన దగ్గర బాటిక్ అనగానే గుడ్డంతా సాలెగూడులా పగుళ్ళు ఉండాలనుకుంటాం. శాంతినికేతన్ కళాకారుల చేతుల మీదుగా ఈ పని మన దేశంలో వ్యాపించింది (ఠాగూర్ 1927లో స్వయంగా జావా వెళ్ళొచ్చారు). క్రమంగా ఆ పగుళ్ళే ఇక్కడ అందంగా స్థిరపడ్డాయి. మధ్య జావాలోని యోగ్యకర్త, సోలో అనే రెండు రాజధానుల పాత పద్ధతిలో మాత్రం అది లోపం. మైనం సరిగ్గా కలపలేదనీ, గుడ్డని మొరటుగా నలిపారనీ అర్థం. "పగుళ్ళు లేవు, కాబట్టి నకిలీ" అని బేరం మొదలుపెట్టారంటే మీ సంగతి వాళ్ళకి అర్థమైపోతుంది.

3. ఎన్ని మునకలు వేసిందో లెక్కపెట్టండి

నాకు ఈ మెట్టంటేనే ఎక్కువ ఇష్టం. మధ్య జావా పాత గుడ్డ ఒకటి తీసుకుని అందులో ఎన్ని రంగులున్నాయో చూడండి. తెలుపు లేదా మీగడ రంగు, నీలం, గోధుమ, నలుపు. కనిపించేవి నాలుగు, వేసినవి రెండే.

ఎలాగంటే, ముందు గుడ్డని నూనె, బూడిద నీళ్ళతో రోజుల తరబడి పిసికి ఆరేస్తారు. మనవాళ్ళు కలంకారీకి కరక్కాయ, గేదెపాలలో నానబెట్టినట్టే ఇదీ రంగు పట్టడానికి చేసే ఏర్పాటు. తర్వాత గంజి పెట్టి, చెక్క సుత్తితో సాపు చేసి, మైనంతో గీస్తారు. తెల్లగా ఉండాల్సినవీ, గోధుమరంగు రావాల్సినవీ అన్నీ మైనం కింద దాక్కుంటాయి. అప్పుడు నీలిమందు తొట్టిలో ముంచుతారు. ఒకసారి కాదు, కావలసిన చిక్కదనం వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ. దీని పేరు మెదెల్. తర్వాత గోధుమరంగు రావాల్సిన చోట్ల మైనం గీకేస్తారు. నీలంగానే ఉండిపోవాల్సిన చోట్ల కొత్తగా మైనం పెడతారు. ఇప్పుడు సోగ అనే గోధుమ రంగులో ముంచుతారు. ఆఖర్న మరుగుతున్న నీళ్ళలో వేస్తే మైనమంతా కరిగి తేలుతుంది. దాన్ని తీసి మళ్ళీ వాడుకుంటారు.

నీలం మీద గోధుమ పడినచోట నలుపు. రెండూ తగలనిచోట తెలుపు. నలుపు రంగంటూ విడిగా లేనే లేదు. మీ చేతిలోని గుడ్డలో నల్లగీత అంచున సన్నగా నీలం గానీ గోధుమ గానీ తొంగిచూస్తుంటే సంతోషించండి, రెండు మునకలూ వేరువేరుగా జరిగాయన్నమాట.

సోగ రంగు మూడు చెట్ల నుంచి వస్తుంది. అందులో ఒకటి మనకి కొత్తదేం కాదు. హైదరాబాద్ రోడ్ల పక్కన వేసవిలో పసుపుపూలు రాల్చే పెల్టోఫోరం చెట్టు బెరడే అది. రెండోది తెగెరన్ అనే పసుపు చెక్క, మూడోది మడ అడవుల్లో పెరిగే తింగి బెరడు. నీలిమందుని అక్కడ నిల అంటారు. మాట కూడా మనకి చుట్టమే. ఒక్క చుక్క నిల పడితే కుండెడు పాలు పాడవుతాయని వాళ్ళకో సామెత ఉంది.

ఇప్పుడు ఎక్కువ గుడ్డలకి వాడేవి నాఫ్తాల్, ఇండిగోసోల్ లాంటి రసాయన రంగులే. దానివల్ల బాటిక్ కాకుండా పోదు. "సహజ రంగు" అని చెప్పి ఎక్కువ అడిగినప్పుడు మాత్రం ఏ చెట్టు, ఎన్ని మునకలు అని అడగండి. నిజంగా వేసినవాళ్ళకి ఆ ప్రశ్న అంటే సరదా, గంటసేపు చెబుతారు.

4. నేల చూడండి

డిజైన్ల మధ్య ఖాళీగా మిగిలిన గుడ్డనే నేల అంటున్నాను. సగం చిరునామా అక్కడే దొరుకుతుంది.

1755లో గియాంతి ఒప్పందంతో మతారం రాజ్యం రెండు ముక్కలైంది. ఒకటి యోగ్యకర్త, రెండోది సురకర్త. సురకర్తనే జనం సోలో అంటారు. రెండు ఊళ్ళ మధ్య దూరం అరవై కిలోమీటర్లు. అన్నదమ్ములు విడిపోయాక వంటలో కూడా తేడా చూపించుకున్నట్టు, గుడ్డలోనూ తేడా తెచ్చుకున్నారు. యోగ్యకర్త నేల తెల్లటి తెలుపు, దాని మీద ముదురు నీలం, గోధుమ కొట్టొచ్చినట్టు ఉంటాయి. సోలో నేల మీగడ రంగు, దాని గోధుమలో బంగారు ఛాయ ఉంటుంది, గుడ్డ మొత్తం మీద మెత్తదనం కనిపిస్తుంది. కట్టులో కూడా పంతమే. ముందు కుచ్చిళ్ళు పెట్టేటప్పుడు యోగ్యకర్త వాళ్ళు అంచున తెల్లచార కనబడనిస్తారు, సోలో వాళ్ళు దాన్ని లోపలికి మడిచేస్తారు.

నేల ఎరుపో, ఆకుపచ్చో, గులాబీనో, పసుపో అయ్యి, దాని మీద పువ్వులూ పిట్టలూ కనిపిస్తే మీరు రాజధానులు వదిలి ఉత్తరాన సముద్రం ఒడ్డుకి వచ్చేశారు. ఆ వైపు పనిని పెసిసిర్ అంటారు, తీరం అని అర్థం. అక్కడికి 6వ మెట్టులో వెళ్దాం.

5. ఇప్పుడు డిజైన్

వందల పేర్లున్నాయి, అన్నీ నేర్చుకోవాలని టెన్షన్ పడొద్దు. గుడ్డని చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని, ఏటవాలు చారలా, గళ్ళలో కూర్చున్న బొమ్మలా, తీగలా పాకిన వనమా అని అడగండి. రాజధానుల గుడ్డలు చాలావరకు ఈ మూడింట్లో సర్దుకుంటాయి.

ఏటవాలు చారలయితే పరంగ్ కుటుంబం. వంకర తిరిగిన కత్తుల్లాంటి, అలల్లాంటి ఆకారాలు ఒకదాన్నొకటి పట్టుకుని వాలుగా సాగుతాయి. వరసల మధ్య మ్లింజో అనే చెట్టు గింజ ఆకారంలో చిన్న పలకలుంటాయి. మతారం రాజు సెనోపతి దక్షిణ సముద్రపు అలలు రాళ్ళకి కొట్టుకోవడం చూసి దీన్ని తలపోశాడని చెప్పుకుంటారు. అన్నిటికంటే పెద్దది పరంగ్ బరోంగ్, రాజు కట్టేది. మధ్యస్థం పరంగ్ రుసక్. బాగా చిన్నది పరంగ్ క్లితిక్, ఆడవాళ్ళకి. ఇదే ఏటవాలు కుటుంబంలో ఉదన్ లిరిస్ కూడా ఉంది. పేరుకి అర్థం సన్నటి తుంపర. సన్నటి చారల్లో ఒక్కో చారకి ఒక్కో నింపుడు, గీసేవాళ్ళ ఓపికకి పరీక్ష.

గళ్ళలో కూర్చున్నవాటిలో ముందు గుర్తుపట్టాల్సింది కవుంగ్. నాలుగు కోలగుండ్రాలు ఒక కేంద్రం చుట్టూ కూడి ఉంటాయి. అరెన్ తాటిచెట్టు కాయని అడ్డంగా కోస్తే కనిపించే రూపం అంటారు. మనకైతే తాటికాయ కొట్టినప్పుడు ముంజలు కనబడే తీరు గుర్తొస్తుంది. చిన్న కవుంగ్‌కి పిచిస్ అనీ, అలా పరిమాణాన్ని బట్టి పాత నాణేల పేర్లు పెట్టారు. ఈ వర్గంలోదే నితిక్. ముక్కు చీల్చిన చాంతింగ్‌తో పెట్టిన చదరపు చుక్కలతో, నేసిన గుడ్డలా భ్రమ కలిగిస్తుంది. గుజరాత్ పటోలా జావా రాజులకి అపురూపం. మన పుట్టపాకలో నేసే డబుల్ ఇక్కత్ లాంటి నేత అది. దొరకడం కష్టమైనప్పుడు మైనంతో దాని పోలికను పుట్టించారు. త్రుంతుమ్ అంటే నల్లటి నేల మీద చిన్న చిన్న నక్షత్రాలు. పకుబువన 3 అనే సోలో రాజు రాణిని పట్టించుకోవడం మానేస్తే, ఆవిడ ఒంటరిగా కూర్చుని ఆకాశం చూస్తూ దీన్ని గీసిందనీ, రాజు రోజూ వచ్చి చూస్తూ మళ్ళీ ఆవిడకి దగ్గరయ్యాడనీ కథ. రాజుల కథలన్నింటిలో దీన్ని మాత్రం నేను నమ్మేస్తాను.

సిదో అనే మాటతో మొదలయ్యే పేర్లు కూడా ఇక్కడివే: సిదోముక్తి, సిదోలుహుర్, సిదోముల్యో. సిదో అంటే నెరవేరడం. ముక్తి అన్న మాట చూసి మోక్షం అనుకోకండి, నేను అలాగే అనుకుని పెళ్ళిలో మోక్షమేమిటని తికమకపడ్డాను. జావా భాషలో ముక్తి అంటే కలిగినింట సుఖంగా బతకడం. పెళ్ళికూతురికీ పెళ్ళికొడుక్కీ అందుకే దాన్ని కడతారు.

మూడోది సెమెన్. చిగురించడం అనే మాట నుంచి వచ్చింది. తీగలు, చెట్లు, జంతువులు, మంటలు, మధ్యలో మేరు పర్వతం, దాని మీద రెక్కలు. రెక్క ఒక్కటే ఉంటే లార్, రెండుంటే మిరోంగ్, రెండు రెక్కలకి తోక కూడా ఉంటే సవత్. అది గరుత్మంతుడు, అక్కడి నోట గుర్దా. సెమెన్ రామ అని ఒకటి దొరికితే కాసేపు ఆగండి. పాత జావా రామాయణంలో రాముడు విభీషణుడికి రాజధర్మం బోధిస్తాడు. రాజులో ఎనిమిది మంది దేవతల గుణాలు ఉండాలనే ఆ బోధ పేరు అస్తబ్రత. సెమెన్ రామలోని మేరువు, మంట, గరుడ, సింహాసనం లాంటి బొమ్మల్ని ఆ ఎనిమిది గుణాలకి గుర్తులుగా చదువుతారు. రామాయణం వింటూ పెరిగిన మనకి ఈ గుడ్డలో బంధువులు కనిపిస్తారు. అయితే అది మన వాల్మీకి కథ కాదు. వాళ్ళు వెయ్యేళ్ళకు పైగా తమదిగా చేసుకున్న రాముడు. ఆ గీతని వాళ్ళ కళ్ళతోనే చూడాలి.

6. తీరం వెంబడి ఊరూరా

తీరంలో డిజైన్ కంటే ఊరు ముఖ్యం. పడమటి నుంచి తూర్పుకి వస్తున్నట్టు ఊహించుకోండి.

చిరెబోన్ అంటే మెగ మెన్దుంగ్. మెగ అంటే మేఘమే, మెన్దుంగ్ అంటే మబ్బు పట్టడం. చైనా మేఘాల్లా వంపులు తిరిగిన మబ్బు, దాని చుట్టూ పొరలు పొరలుగా ముదురు నుంచి లేతకి జారే రంగు. ఆ పొరలు లెక్కపెట్టండి, పని విలువ అక్కడే ఉంది. రంగు మెట్లు స్పష్టంగా విడివిడిగా కనబడాలి. నీలం మెగ మెన్దుంగ్ ఇప్పుడు మగ్గుల మీదా మొబైల్ కవర్ల మీదా కూడా వస్తోంది కాబట్టి, ఎక్కువగా ప్రింట్ తగిలేది ఇందులోనే. చిరెబోన్ రాజభవనాల రథాల బొమ్మలు కూడా గుడ్డలకెక్కాయి. వాటిలో పక్సి నాగ లిమన్ అంటే పక్షి, నాగం, ఏనుగు కలిసిన జంతువు. ఊరి పక్కనే ఉన్న త్రుస్మి బాటిక్ పల్లె.

ఇంద్రమాయు చిరెబోన్‌కి దగ్గరే. అక్కడ చెక్కకి గుచ్చిన సూదులతో మైనం మీద రంధ్రాలు పొడుస్తారు. వాటిలోంచి రంగు దిగి పిండి చల్లినట్టు సన్నటి చుక్కలు వస్తాయి. వేలితో తడిమితే కాదు, కంటికి దగ్గరగా పెట్టుకుంటేనే తెలుస్తుంది.

పెకలొంగన్‌లో రోజంతా ఉన్నా చాలదు. అరబ్, చైనా, డచ్, భారత వ్యాపారులు అందరూ అక్కడ మకాం వేశారు, గుడ్డ అందర్నీ గుర్తు పెట్టుకుంది. జ్లంప్రాంగ్ అనే డిజైన్ పటోలా పోలికే. బుకెతన్ అంటే పూలగుచ్ఛం. యూరప్ పుస్తకాల్లోని పూలని ఇక్కడి డచ్ సంతతి ఆడవాళ్ళు తమ పనిశాలల్లో గుడ్డ మీదకి దించారు. ఎలిజా వాన్ జుయిలెన్ వాళ్ళలో పేరున్నావిడ, తన గుడ్డల మీద సంతకం చేసేది. దగ్గర్లోని కెదుంగ్వునిలో చైనా సంతతికి చెందిన ఉయ్ సు చున్ కుటుంబం చేసిన గుచ్ఛాల్లో రేకుకి రేకు నీడ వేసినట్టుంటుంది, అదీ మైనం చుక్కలతోనే. 1942 నుంచి 1945 దాకా జపాన్ ఆక్రమణ కాలంలో పుట్టింది హొకొకై అనే రకం. గుడ్డ కరువు, చేతులు మాత్రం ఖాళీగా ఉన్నాయి. అందుకని ఉన్న గుడ్డ మీదే సందు లేకుండా నింపారు, చెర్రీ పూలు, సీతాకోకచిలుకలు. ఒకే గుడ్డకి రెండు సగాలు రెండు డిజైన్లలో చేసి, పొద్దున ఒక సగం, సాయంత్రం ఇంకో సగం బయటికి కనబడేలా కట్టుకునే పగి-సొరె పద్ధతి అప్పుడు బాగా నడిచింది.

లాసెమ్ అంటే ఎరుపు. కోడి నెత్తురు ఎరుపు అని వాళ్ళే అంటారు. చైనా సంతతి వాళ్ళ పాత ఇళ్ళ వెనక పెరట్లలో పనిశాలలుంటాయి. తిగ నెగెరి అని వింటే అది మూడు ఊళ్ళ గుడ్డ. ఎరుపు లాసెమ్‌లో వేయించి, నీలం పెకలొంగన్‌లో, గోధుమ సోలోలో వేయించేవారు. ఒక్క గుడ్డ కోసం అంత తిరుగుడు! ఇప్పుడు మూడు రంగులూ ఒకేచోట వేసి అదే పేరుతో అమ్ముతున్నారు. పేరు మాత్రం విని పాత ధర పెట్టకండి.

తూర్పున తుబాన్ దగ్గర కెరెక్‌లో చేతిమగ్గం మీద నేసిన మొరటు నూలు గుడ్డకే మైనం పెడతారు. సముద్రం దాటి మదురా వెళ్తే గెంతొంగన్ ఉంది. అక్కడ రంగు జాడీల్లో గుడ్డని నెలల తరబడి నానబెడతారు.

తీరం దగ్గర మనకి కూడా ఒక లంకె ఉంది. 17వ శతాబ్దంలో డచ్ కంపెనీ మచిలీపట్నంలో స్థావరం పెట్టి, మన వైపు అద్దకం గుడ్డలు ఓడల్లో తీసుకెళ్ళి, ఆ దీవుల్లో సుగంధ ద్రవ్యాలు కొనేది. మన కోస్తా పూలగుడ్డల్ని వాళ్ళు సెంబాగి అనేవారు. పెసిసిర్ తీగల్లో ఎక్కడో కలంకారీ పోలిక తగిలితే మీ కళ్ళు మోసపోలేదు. "బాటిక్ మన దగ్గర్నుంచే వెళ్ళింది" అని మాత్రం అక్కడ అనకండి. చాంతింగ్ వాళ్ళ సొంతం, ఆ పనితనమూ వాళ్ళదే.

7. కొలత

పొడుగు గుడ్డ, కైన్ పంజంగ్, సుమారు రెండున్నర మీటర్లు. చీరకి చాలదు, ముందే చెబుతున్నాను. సరుంగ్ రెండు మీటర్లు, మన లుంగీలా కుట్టేసి ఉంటుంది. అందులో ఒకచోట డిజైన్ మారి వేరే పట్టీ వస్తుంది. దాన్ని కెపల అంటారు, తల అని అర్థం. ఎదురెదురుగా కోసుగా ఉన్న త్రికోణాలుంటే వాటి పేరు తుంపల్. తులిస్ గుడ్డని కత్తిరించి కుర్తా కుట్టించాలనుకుంటే ఒక్కసారి ఆలోచించండి. చప్ గుడ్డ తీసుకుంటే ఏ బాధా లేదు.

8. ఎప్పుడు కట్టాలి, ఎప్పుడు కట్టకూడదు

అక్కడి స్నేహితుల పెళ్ళికి పిలుపొస్తే పరంగ్ కట్టుకుని వెళ్ళకండి. దంపతుల మధ్య గొడవలొస్తాయని నమ్మకం. పెళ్ళివాళ్ళ అమ్మానాన్నలు త్రుంతుమ్ కడతారు, జంట సిదోముక్తి కడతారు. అతిథిగా మీరు పువ్వులున్న పెసిసిర్ ఏది కట్టినా చెల్లుతుంది. స్లొబొగ్ అనే త్రికోణాల డిజైన్ చావు ఇంటిది, శవం మీద కప్పుతారు. బహుమతిగా తెచ్చేముందు ఈ ఒక్క పేరైనా అడిగి తెలుసుకోండి. తంబాల్ అంటే అతుకుల బొంత లాంటిది. జబ్బుపడినవాళ్ళకి కప్పితే నయమవుతుందనుకుంటారు.

రాజభవనాల్లో పరంగ్ మీద పట్టింపు ఇంకా ఉంది. పెద్ద పరంగ్, సవత్ రెక్కలు లాంటివి మామూలు జనం కట్టకూడదని 18వ శతాబ్దం నుంచే ఆజ్ఞలుండేవి. యోగ్యకర్తలో 1927లో కూడా సుల్తాన్ హమెంగ్కుబువన 8 ఎవరు ఏది కట్టాలో రాతపూర్వకంగా నిర్ణయించారు. మొన్నమొన్న, 2022 డిసెంబరులో అప్పటి అధ్యక్షుడు జోకో విడోడో చిన్నకొడుకు పెళ్ళివిందు సోలోలోని మంగ్‌కునెగరన్ భవనంలో జరిగినప్పుడు, పరంగ్ కట్టుకుని రావద్దని అతిథులకి ముందే చెప్పారు. వీధిలో, బజారులో కట్టుకుంటే ఎవరూ ఏమీ అనరు.

9. కొనేముందు, కొనేచోట

కొనడానికి ముందు ఒక పూట మ్యూజియంలో గడపండి. సోలోలో దనర్ హది, పెకలొంగన్‌లో బాటిక్ మ్యూజియం. మంచి గుడ్డలు యాభై చూసిన కంటికి బజారులో దారి తెలుస్తుంది. 2009 అక్టోబరు 2న యునెస్కో ఇండోనేసియా బాటిక్‌ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ రోజున దేశమంతా బాటిక్ దినం. ఆ వారంలో వెళ్తే దారినపోయే ప్రతి చొక్కా మీదా పాఠం చదువుకోవచ్చు.

తర్వాత బజారు. యోగ్యకర్తలో బెరింగ్‌హర్జో, సోలోలో క్లెవెర్. చప్, ప్రింట్ కలగాపులగంగా ఉంటాయి, బేరం ఆడాల్సిందే. తులిస్ కోసమైతే పల్లెకే వెళ్ళండి. యోగ్యకర్త దగ్గర గిరిలొయో, సోలోలో లవెయన్. లవెయన్ గోడల వెనక పాత బాటిక్ షావుకార్ల ఇళ్ళున్నాయి. 20వ శతాబ్దం మొదట్లో ఇస్లాం వర్తకుల సంఘం కట్టిన సమన్‌హుది ఈ పేట వ్యాపారే. పనిచేసే ఆవిడ ముందు కూర్చుని ఆవిడ గీసిన గుడ్డ కొనేటప్పుడు బేరం మరీ లాగొద్దు. మూడు నెలల నడుం నొప్పి అది.

ఒక్క వాక్యం నేర్చుకోండి: "ఇని తులిస్ అతౌ చప్?" ఇది రాతా అచ్చా అని. అడిగి, జవాబు వచ్చేలోపు గుడ్డ తిరగేయండి. అమ్మేవాళ్ళ మాట తీరు వెంటనే మారుతుంది.

10. ఇంటికి తెచ్చాక

వాషింగ్ మెషీన్ వద్దు, సర్ఫ్ వద్దు. జావాలో బాటిక్‌ని లెరక్ అనే కాయతో ఉతుకుతారు. నేను ఆ పెద్దావిడ దగ్గర చూసి, ఇంత దూరం వచ్చి కుంకుడుకాయలా అని నవ్వుకున్నాను. కుంకుడు జాతి చెట్టు కాయే అది. నాలుగైదు కుంకుళ్ళు కొట్టి, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, నురగ వచ్చాక వడగట్టండి. అందులో గుడ్డ ముంచి మెల్లగా అద్దండి, పిండకండి, రుద్దకండి. మొదటిసారి కాస్త రంగు దిగుతుంది, కంగారు పడొద్దు. మిగతా బట్టలతో మాత్రం కలపొద్దు.

నీడలో ఆరేయండి. ఇస్త్రీ చేయాల్సివస్తే పైన పల్చటి గుడ్డ వేసి చేయండి. కలరా ఉండలు పెట్టకండి, మిరియాలో లవంగాలో చిన్న మూటకట్టి పెట్టెలో పడేస్తే చాలు. రెండు మూడు నెలలకోసారి బయటికి తీసి గాలి తగలనిచ్చి, మడతలు మార్చి పెట్టండి. లేకపోతే గుడ్డ మడత దగ్గరే ముందు చివికిపోతుంది.